‘వేగం పెంచాం, దోషాలు సరిచేశాం’ అన్న లైను దాటేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఏ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినా ‘వేగం పెంచాం, దోషాలు సరిచేశాం’ అని ఒక లైను ఉంటుంది. ఫోన్‌లో యాప్‌లకైతే అది చదవకపోయినా పెద్దగా నష్టం లేదు. ప్రధాన సంఖ్యలు వెతికే సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం అసలు సంగతంతా ఆ లైనులోనే ఉంది. తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో గణితం, కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు రాత్రిళ్లూ సెలవుల్లోనూ ల్యాబ్ మెషిన్ల మీద ఈ పని పెట్టాలని ముచ్చటపడతారు. పెట్టాల్సిందే. కానీ సీనియర్లు ఎప్పుడో దించిపెట్టిన పాత కాపీనే ల్యాబంతా పంచుకుంటే కరెంటు ఖర్చవుతుంది, పనికొచ్చే ఫలితం మాత్రం రాదు.

ఈ వెతుకులాటలో అందరికీ తెలిసిన ప్రాజెక్టు జింప్స్, అంటే వాలంటీర్లు తమ కంప్యూటర్లతో మెర్సెన్ ప్రధాన సంఖ్యలు వెతికే ఉమ్మడి ప్రయత్నం. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టారు. దానికి ఆయన రాసిన సాఫ్ట్‌వేర్ ప్రైమ్95 ఉచితం. 2ను ఒక ప్రధాన సంఖ్య ఘాతానికి హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య కూడా ప్రధాన సంఖ్యే అయితే, అది మెర్సెన్ ప్రధాన సంఖ్య. ఇప్పటికి తెలిసినవి 52. యాభై రెండోది 2024 అక్టోబరులో దొరికింది: ఘాతాంకం 13,62,79,841, అంకెలు 4,10,24,320.

ఒక మెర్సెన్ సంఖ్య ప్రధానమా కాదా తేల్చే పరీక్ష వినడానికి చాలా సులువు. ఒక సంఖ్యను వర్గం చేయాలి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం తీయాలి, ఆ శేషాన్ని మళ్లీ వర్గం చేయాలి. ఘాతాంకం 12 కోట్లయితే ఇలా 12 కోట్ల సార్లు. ఒక్కో వర్గానికి 5 మిల్లీసెకన్లు పడితే మొత్తం 6 లక్షల సెకన్లు, అంటే దాదాపు ఏడు రోజులు. అందులో ఒక్క మిల్లీసెకను తగ్గితే 33 గంటలు కలిసొస్తాయి. ‘వేగం పెంచాం’ అన్న మాట విలువ అంత.

ఆ వేగం ఎక్కడ ఆగిపోతుందో చాలామంది పట్టించుకోరు. అంత పెద్ద సంఖ్యను సాఫ్ట్‌వేర్ సుమారు 18 బిట్ల ముక్కలుగా కోసి, ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫారం అనే వేగవంతమైన గుణకార పద్ధతితో వర్గం చేస్తుంది. 12 కోట్ల బిట్లకు 65 లక్షల పైచిలుకు ముక్కలు, ఒక్కోటి 8 బైట్లు, వెరసి 50 ఎంబీ దాటుతుంది. మామూలు ల్యాబ్ ప్రాసెసర్ లోపలుండే చిన్న మెమరీ, అంటే కాష్‌లో అంత పట్టదు. ప్రతి వర్గానికీ ఆ డేటా అంతా ర్యామ్ నుంచి వచ్చి మళ్లీ వెళ్లాలి. నాలుగు కోర్లకు నాలుగు వేర్వేరు ఘాతాంకాలు అప్పగిస్తే 200 ఎంబీకి పైగా ఒకే దారిలో తోసుకుంటుంది, కోర్లు ఊరికే కూర్చుంటాయి. ఇలాంటి మెషిన్లలో చాలావాటికి నాలుగు కోర్లనూ ఒకే ఘాతాంకం మీద పెట్టడమే మేలు. ఆప్షన్స్ మెనూలో ఉన్న బెంచ్‌మార్క్ నడిపితే మీ మెషిన్‌కు ఏది సరిపడుతుందో అదే చెబుతుంది. ఇంకో సంగతి. ల్యాబ్ పీసీల్లో తరచుగా ఒకే 8 జీబీ ర్యామ్ స్టిక్ ఉంటుంది. అలాంటిదే రెండోది సరైన స్లాట్‌లో పెడితే ర్యామ్ దారి రెండింతలవుతుంది. కొత్త ప్రాసెసర్ కొనే ముందు చేయాల్సిన పని ఇది.

అసలు పరీక్షకు ముందు ఆ సంఖ్యను నిశ్శేషంగా భాగించే కారణాంకం ఏదైనా ఉందా అని చూసే వేట ఒకటుంది, పేరు పీ-1. అందులోనూ ర్యామే కీలకం. ప్రైమ్95 30.8 వెర్షన్‌లో దాని రెండో దశను బాగా మెరుగుపరిచారు. ర్యామ్ ఎంత ఎక్కువిస్తే అది అంత త్వరగా సాగుతుంది. కానీ దానికి ముందుగా కేటాయించి ఉండేది చాలా తక్కువ. సెట్టింగుల్లో పగటికి ఒక పరిమితి, రాత్రికి ఒక పరిమితి విడిగా ఇవ్వొచ్చు. 16 జీబీ మెషిన్‌కు రాత్రి 10 జీబీ దాకా ఇవ్వండి. కారణాంకం దొరికిందంటే ఆ సంఖ్య ప్రధానం కాదని తేలినట్టే, ఆ ఘాతాంకం మీద వారం రోజుల పరీక్ష తప్పినట్టే.

ఇక దోషాల సంగతి. నా దృష్టిలో వేగం కంటే ఇదే ముఖ్యం. పైన చెప్పిన వర్గాల పరీక్షకు పాత రూపమైన లూకాస్-లెమర్‌లో 12 కోట్ల వర్గాల మధ్య ఎక్కడో ర్యామ్‌లో ఒక్క బిట్ తిరగబడినా చివరి శేషం తప్పే. చాలాసార్లు తప్పిందన్న సూచన కూడా ఉండదు. అందుకే ప్రతి ఘాతాంకాన్నీ రెండోసారి మొత్తం నడిపి, రెండు శేషాలూ కలిశాయా లేదా చూడాల్సి వచ్చేది. 2017లో రాబర్ట్ గెర్బిచ్ కనిపెట్టిన తనిఖీతో పరిస్థితి మారింది. సంఖ్య ప్రధానం కావడానికి అవకాశముందా అని తేల్చే ఫెర్మా పద్ధతి పీఆర్‌పీ పరీక్షలో ప్రతి వెయ్యి వర్గాలకు ఒక గుణకారం అదనంగా చేస్తారు. పది లక్షల వర్గాలకోసారి మరో వెయ్యి వర్గాలు చేసి, రెండు దారుల్లో వచ్చిన శేషాలను పోలుస్తారు. కలవకపోతే వెనక సరిగ్గా ఉన్న చోటికి వెళ్లి మళ్లీ మొదలు. అదనపు ఖర్చు 0.2 శాతం. 2020లో దీనికి ప్రూఫ్ ఫైలు, అంటే లెక్క సరిగ్గా జరిగిందని చూపే రుజువు, తోడైంది. 12 కోట్ల ఘాతాంకానికి 256 మధ్యంతర శేషాలు దాచాలి, ఒక్కోటి 15 ఎంబీ, అంటే డిస్క్‌లో దాదాపు 4 జీబీ ఖాళీ కావాలి. చివరికి జింప్స్ సర్వర్‌కు పంపేది 135 ఎంబీ. దాన్ని సరిచూసేవారికి పడేది అసలు పనిలో 256వ వంతే. రెండోసారి వారం రోజులు నడపక్కర్లేదు. కొత్త ఘాతాంకాలకు లూకాస్-లెమర్ పని ఇవ్వడం సర్వర్ మానేసింది కూడా అందుకే.

ఈ తనిఖీ ఉంది కదా అని మెషిన్‌ను వదిలేయకూడదు. ‘రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దాన్ 0.4’ అని తెర మీద వస్తే అర్థం: వచ్చిన భిన్నాన్ని పై పూర్ణాంకానికి సవరించాలో కింది దానికో తెలియలేదు. చాలాసార్లు కారణం వేడి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఏసీ కట్టేసిన మన ల్యాబుల్లో, దుమ్ము పట్టిన హీట్‌సింక్‌తో, ప్రాసెసర్‌ను బాగా వేడెక్కించే ఏవీఎక్స్ లెక్కలు నడిస్తే ఇది తప్పదు. ఫ్యాన్ విప్పి దులపండి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయండి, ర్యామ్ వేగాన్ని బయోస్‌లో (మెషిన్ ఆన్ కాగానే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) మామూలు స్థాయికి దించండి. ఆ తర్వాత ప్రైమ్95లోనే ఉన్న టార్చర్ టెస్ట్‌లో, ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ కలిపి పరీక్షించే బ్లెండ్‌ను ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు వచ్చినా ఆ మెషిన్‌ను పరీక్షలకు వాడొద్దు.

దోషం ప్రాసెసర్‌లోనే ఉన్న సందర్భమూ ఉంది. ఆరో తరం ఇంటెల్ స్కైలేక్ చిప్‌లు ప్రైమ్95లో 1,49,42,209 అనే ఘాతాంకం దగ్గర 768కే (సుమారు 7.86 లక్షల ముక్కల) ట్రాన్స్‌ఫారంతో కొంతసేపు నడిచాక బిగుసుకుపోయేవి. ఇంటెల్ 2016 జనవరిలో దోషాన్ని ఒప్పుకుని బయోస్ అప్‌డేట్ ద్వారా సరిచేసింది. ఆరో తరం మెషిన్లు మన ల్యాబుల్లో ఇంకా నడుస్తున్నాయి, కొన్నవాళ్లు బయోస్ ముట్టుకుని ఉండరు. ముందు అది చూడండి. 1994లో పెంటియం భాగహారం తప్పుతోందని గణితాచార్యుడు థామస్ నైస్లీ పట్టుకున్నది కూడా జంట ప్రధాన సంఖ్యల (రెండు తేడాతో వచ్చే ప్రధాన సంఖ్యల) లెక్కలోనే.

ల్యాబంతా పెట్టేటప్పుడు ఒక్క ఫోల్డరును ముప్పై మెషిన్లలోకి కాపీ కొట్టకండి. సెట్టింగుల ఫైలులో ఆ కంప్యూటర్ గుర్తింపు ఉంటుంది, వర్క్‌టుడూ ఫైలులో అది చేయాల్సిన పని ఉంటుంది. రెండూ కాపీ అయితే ముప్పై మెషిన్లూ ఒకే ఘాతాంకాన్ని నమిలి కూర్చుంటాయి. ఆ రెండు ఫైళ్లూ తీసేసి పెట్టండి. కరెంటు పోయే ఊళ్లలో డిస్క్‌లో సేవ్ చేసే వ్యవధిని 30 నిమిషాల నుంచి 10కి తగ్గించండి.

వెర్షన్ మార్చేటప్పుడు ప్రోగ్రామును ఆపి పూర్తిగా బయటికి రండి, ఫోల్డరును వేరేచోట భద్రపరచండి, కొత్త ఫైళ్లను పాతవాటి మీద విప్పండి. పీ-1 రెండో దశ నడుస్తుంటే అది పూర్తయ్యాకే మార్చండి. తర్వాత తెర మీద గెర్బిచ్ తనిఖీ పాసైందన్న మొదటి లైను కనిపించాలి. 5 మిల్లీసెకన్ల మెషిన్‌లో దానికి గంటన్నర పడుతుంది. అది చూశాకే ల్యాబ్‌కు తాళం వేయండి.

— ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, తిరుపతి