పిల్లల మీద హింస గురించి విశాఖ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మా కంచరపాలెంలో ఒక పిల్లాడి వీపు మీద బెల్టు వాతలు వీధంతా చూసింది. "మనకెందుకొచ్చిన గొడవ, పోలీసులు, కోర్టులు" అని అందరూ తలుపులేసుకున్నారు. ఆ భయం నిజమే, కానీ పిల్లాడి గతేంటి?

కన్నవాళ్లే అయినా పిల్లల్ని హింసించడం, కావాలని పట్టించుకోకుండా వదిలేయడం 2015 బాలల న్యాయ చట్టం కింద నేరం. లైంగిక వేధింపైతే, తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం. 2012 పోక్సో చట్టం ప్రకారం దానికి 6 నెలల వరకు జైలు. కింది ఉద్యోగి చేసిన పని దాచిన సంస్థ పెద్దకైతే ఏడాది వరకు. సదుద్దేశంతో చెప్పినవాళ్లకు మాత్రం చట్టమే రక్షణ. ఈ ఒక్క మాట జనానికి చేరడం లేదండీ.

ప్రతి స్కూలు గేటు మీద, అంగన్‌వాడీలో, వార్డు సచివాలయంలో పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. ఫోన్ చేసినవాళ్ల పేరు బయటికి పొక్కకూడదని సిబ్బందికి గట్టిగా చెప్పండి.

కంచరపాలెం నివాసి