స్పైక్‌ను అంత తేలిగ్గా క్షమించలేం

సంపాదకులకు,

టీవీ సీరియళ్లలో విలన్లే హీరోలవుతున్న తీరుపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో అమెరికన్ సీరియల్ ‘బఫీ ది వాంపైర్ స్లేయర్’ (1997-2003)లోని స్పైక్‌ను ప్రేమ వల్ల మారిన రక్తపిశాచిగా ఒక్క ముక్కలో తేల్చేశారు. అంత సులువు కాదండీ.

నాలుగో సీజన్‌లో ఒక రహస్య సైనిక బృందం అతని తలలో చిప్ పెడుతుంది. మనిషి మీద చెయ్యెత్తితే చాలు, భరించలేని తలనొప్పి. దాంతో కొరకడం మానేశాడు. కట్టేసిన కుక్క కరవలేదని దాన్ని సాధువంటామా? ఆరో సీజన్‌కు వచ్చేసరికి కథానాయిక, రక్తపిశాచులను వేటాడే బఫీ విషయంలో ఆ చిప్ పనిచేయదు. ప్రేమిస్తున్నానన్న ఆమెపైనే అత్యాచారయత్నానికి తెగబడతాడు. ఈ సన్నివేశాన్ని పక్కనపెట్టి స్పైక్‌ను మెచ్చుకోవడం నాకు మింగుడుపడదు.

అయితే వ్యాసకర్త అసలు విషయమే వదిలేశారు. ఈ కథలో రక్తపిశాచులకు ఆత్మ ఉండదు, అది ఉంటేనే చేసిన పాపాలకు పశ్చాత్తాపం. అదే సీరియల్‌లో ఏంజెల్ అనే మరో రక్తపిశాచికి ఆత్మ శాపంగా తిరిగొచ్చింది. స్పైక్ మాత్రం ఆఫ్రికా దాకా వెళ్లి, పరీక్షలకు తట్టుకుని, కోరి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత అతన్ని పిచ్చివాణ్ణి చేసిన అపరాధభావాన్ని జేమ్స్ మార్‌స్టర్స్ అద్భుతంగా నటించాడు. చివరి ఎపిసోడ్‌లో లోకాన్ని కాపాడుతూ కాలిపోయినా, పాత హత్యల లెక్క చెల్లిపోయిందని నేననుకోను. ఆ పాత్రంటే ఇష్టం మాత్రం పోలేదు.

– ఒక పాఠకురాలు, విజయవాడ