నాన్నగారికి, యెరూషలేము నుంచి

నాన్నగారికి వందనాలు.

ఇక్కడ అంతా కులాసా. పని ఎప్పటిలాగే. టీవీ చూసి అమ్మ బెంగపెట్టుకుందని చెల్లి చెప్పింది. మెట్లు దిగితే బాంబు షెల్టరే, తిండి మానేసి కూర్చోవద్దనండి. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఇచ్చారటగా! 13.75 అడుగులంటే లంకలో పిన్నీవాళ్లకి ఇబ్బందే. వాళ్లు మొహమాటపడతారు, మీరే వెళ్లి నరసాపురం తీసుకొచ్చేయండి.

మీ పుస్తకం కోసం మీరడిగిన హెబ్రీ మాట 'ఎమూనా', అంటే నమ్మకంగా నిలవడం. తెలుగు బైబిల్లో ఒక్క "విశ్వాసము" కిందే వెతికితే అన్నీ దొరకవు. నిర్గమ 17:12లో మోషే చేతులు పొద్దుగుంకేదాకా "నిలుకడగా" ఉన్నాయే, అదే మాట. కీర్తన 36:5లో "సత్యసంధత్వము", విలాపవాక్యములు 3:23లో "నమ్మదగినవాడవు", హబక్కూకు 2:4లో "విశ్వాసము". ఆమేన్‌దీ ఆ ధాతువే. 2 రాజులు 18:16లో హిజ్కియా బంగారం ఒలిపించిన కంబాలకీ, 2 సమూయేలు 4:4లో పిల్లాణ్ణి ఎత్తుకు పరుగెత్తిన దాదికీ పేరు అందులోంచే వచ్చింది. బరువు మోసి వదలకపోవడం అన్నిట్లోనూ ఉంది.

అలాగని హబక్కూకు ప్రసంగంలోకి కంబాలు మోసుకురాకండి. ధాతువు వేరు, ఆ వాక్యంలో అర్థం వేరు. అక్కడ చూడాల్సింది సర్వనామం: హెబ్రీలో నీతిమంతుడు "తన ఎమూనా వలన" బ్రతుకును, పాత నిబంధన గ్రీకు అనువాదం సెప్టువజింటులో "నా" అని దేవుడిదిగా ఉంది, రోమా 1:17లో పౌలు "తన", "నా" రెండూ వదిలేశాడు. "నమ్మకంగా నిలిచి బ్రతుకును" అంటే హెబ్రీకి దగ్గర.

'హెసెద్' అనే హెబ్రీ మాట, అంటే నిబంధనకి కట్టుబడి చూపే కృప, ఇంకా చిక్కు. పాత నిబంధనలో సుమారు 250 చోట్లుంది. 136వ కీర్తన 26 వచనాల్లోనూ "కృప" అదే. కానీ ఆదికాండం 6:8లో నోవహు పొందిన కృప 'హేన్', వేరే మాట. తెలుగులో రెండూ కలిసిపోయాయి. గ్రీకు అనువాదకులు జాలి అనే అర్థమిచ్చే 'ఎలెయొస్' వేశారు, నిబంధన వాసన పోయింది. ఇంగ్లీషులో 1535లో బైబిలు అనువాదకుడు కవర్‌డేల్ 'లవింగ్ కైండ్‌నెస్' అన్నాడు, 1952 నాటి ఆర్‌ఎస్‌వీ అనే అనువాదం 'స్టెడ్‌ఫాస్ట్ లవ్' అంది. దాన్ని చూసి మీ పుస్తకంలో "స్థిరమైన ప్రేమ" అని రాయకండి, స్థిరాస్తి కాగితంలా ఉంటుంది. "విడువని కృప" చాలు. హోషేయ 6:4లో మాత్రం అది మనుషులది, పొద్దున్నే ఆరిపోయే మంచు, అక్కడ "విడువని" పెడితే వాక్యం తిరగబడుతుంది.

కొత్త నిబంధనలో గ్రీకు మాట 'హుపొమొనే'కి ఓర్పు సరిపోతుంది, కదపొద్దు.

ప్రతి వచనానికీ ఎవరు నిలిచారు, ఎవరికోసం, ఏ బరువు కింద అని రాసుకుని, జంటపాదంలో, అంటే అదే భావాన్ని తిప్పి చెప్పే పక్క పాదంలో, ఏ మాట ఉందో చూడండి. తర్వాతే తెలుగు మాట. ఆ పైన అత్తయ్యకి చదివి వినిపించి, ఏం అర్థమైందో చెప్పమనండి. ఆవిడ తలూపితే లెక్కలేదు, తన మాటల్లో చెప్పాలి.

ప్రూఫులు అచ్చుకిచ్చేముందు వాట్సాప్‌లో పెట్టండి. అమ్మ మోకాలి మందు అయిపోయుంటుంది, ఈసారి రెండు నెలలకి సరిపడా తెప్పించండి. వరదలో బండి మీద వెళ్లకండి.

మీ అమ్మాయి