కుడిచెయ్యి సంగతి

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. చంటిగాడు నీ పాత హెల్మెట్ పెట్టుకునే పడుకుంటున్నాడు, తీస్తే ఏడుపు. ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పంపిస్తావు. ఇరవై రోజుల్లో నాలుగు బొటనవేళ్లు వచ్చాయట. లెక్కపెట్టింది అమ్మ, నేను కాదు.

రేసు బండి టెస్టింగ్‌లో నువ్వు హైసైడ్ అయ్యావని, అంటే బండి నిన్ను పైకి ఎగరేసి విసిరేసిందని, బాబాయికి ఎవరో చెప్పారట. బాబాయి మాటల సంగతి తెలిసిందే కదా, నేనేం పట్టించుకోలేదు. ఊరికే మీ టీమ్ పెట్టిన వీడియో చూశాను. హెల్మెట్ పట్టీ ఎడమచేత్తో బిగించుకుంటున్నావు. అక్కడే పదిసార్లు వెనక్కి తిప్పి చూశాను. అమ్మకి చూపించలేదు.

సరే, అది వదిలేయ్. మొదటి ల్యాపులోనే తొందరపడకు. ఎడమ మలుపులు ఎక్కువున్న ట్రాకులో టైరు కుడివైపు చల్లగానే ఉండిపోతుంది. జర్మనీలో జాక్సెన్‌రింగ్ ట్రాకు పదకొండో మలుపు కుడివైపుది, అక్కడ ఎంత పెద్దవాళ్లు పడ్డారో చూశావుగా. వేళకి తిను. రాత్రిళ్లు డేటా చూస్తూ కూర్చోకు.

మినీబైక్‌ల రెండో ఏడు ఆ వాన రేసు గుర్తుందా? రెండో ల్యాపులో ఆఖరి మలుపు దగ్గర జారిపడ్డావు. నేను కంచె దూకేలోపే బండి లేపుకుని వెళ్లిపోయావు. పదకొండో స్థానం. వ్యాన్‌లో నీళ్ల సీసా మోకాళ్ల మధ్య నొక్కిపెట్టి ఎడమచేత్తో మూత తిప్పావు. గ్లవ్ తీయవే అంటే చలిగా ఉందన్నావు. ఇంటికొచ్చాక లాగితే రాలేదు. చిటికెనవేలి వైపునుంచి కత్తెరతో కోసుకుంటూ వచ్చాను. మణికట్టు ఉబ్బి నిగనిగలాడుతోంది. అప్పుడు ఏడ్చావు, నొప్పికి కాదు, "కొత్త గ్లవ్ నాన్నా" అని. ఆ పొద్దున్నే దాని ఖరీదు చెప్పి, పాడుచేస్తే ఊరుకోనని అరిచింది నేనే. ఎముక రెండు చోట్ల చీలిందని డాక్టరు చెబుతుంటే నువ్వు నా మొహమే చూస్తున్నావు. దాచడం అలా అలవాటైంది నీకు. అందులో నా వంతు ఉందని ఇన్నేళ్లూ చెప్పలేదు.

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. కానీ థ్రాటిలూ ముందుచక్రం బ్రేకూ రెండూ కుడిచేతి కిందే ఉంటాయి కదా. 2020లో స్పెయిన్‌లోని హెరెజ్ ట్రాకులో మోటోజీపీ చాంపియన్ మార్కెజ్ కుడి దండఎముక విరిగింది. ఆపరేషన్ అయిన రెండు రోజులకే డాక్టర్లు ఫిట్ అన్నారు, నాలుగో రోజు బండెక్కాడు, నొప్పికి ఆగిపోయాడు. తర్వాత లోపల వేసిన ప్లేటు విరిగింది. మొత్తం నాలుగు ఆపరేషన్లు. 2019 తర్వాత మళ్లీ టైటిల్ గెలిచింది 2025లో! నీ గోడమీది పోస్టర్లో ఉన్న రేసర్ అనా కరాస్కో సంగతీ చూడు. 2020లో టెస్టింగ్‌లోనే వెన్నుపూసలు విరిగితే ఆ సీజన్ మిగతా రేసులు వదిలేసుకుంది. మరుసటి ఏడు వచ్చి మిసానోలో గెలిచింది.

అకోస్టా చిన్న వయసులోనే 2020లో కుర్ర రైడర్ల రూకీస్ కప్, 2021లో మోటో3, 2023లో మోటో2 ప్రపంచ టైటిళ్లు గెలిచాడని నువ్వు అనబోతావు. నిజమే. కానీ ఆ ప్రపంచ స్థాయి గ్రాండ్ ప్రీ రేసులకి మామూలుగా 18 నిండాలని 2023 నుంచి రూలుంది. మినహాయింపులున్నాయనీ అంటావు, తెలుసు. నీకింకా పదకొండు నెలలుంది. ఒక చెయ్యి మానడానికి చాలవా? అంటే, ఏదైనా అయి ఉంటే.

ఈసారి ఖరీదు అడగను. బండి ముక్కలైనా అడగను.

అమ్మ ఉన్ని గ్లవ్‌లు అల్లింది, పంపిస్తున్నాం. కుడిది కాస్త వదులుగా అల్లమన్నాను. ఎందుకని అడిగితే ఏదో చెప్పాను. సరిపోయాయో లేదో రాయి. ఎడమచేత్తో రాసినా పర్లేదు.

నాన్న