ఆ కారుకు కొత్త రంగు వేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ పేపర్లో పాత టూరింగ్ కారు అమ్మకానికి ఉందని చిన్న ప్రకటన పడింది. బర్కత్‌పురాలోనే కదా అని వెళ్లి చూసొచ్చాను. ఏ కంపెనీదో, ఎవరిదో రాయను, వాళ్ల బేరం వాళ్లది. కానీ ప్రకటన చివర్లో "బాడీ ఒరిజినల్, కావాలంటే కొత్త పెయింట్ వేయించి ఇస్తాం" అని ఉంది చూడండి, ఆ ఒక్క లైను చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

నేను ముషీరాబాద్‌లో మా మేనమామ షెడ్డులో పని నేర్చుకుని, ముప్పై ఎనిమిదేళ్లు కార్ల సీట్లు, హుడ్లు కుట్టినవాణ్ణి. టూరింగ్ కారంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పైన ఇనుప టాప్ ఉండదు, వెనక్కి మడిచే గుడ్డ హుడ్ ఉంటుంది, పక్కల అద్దాలుండవు, వాన పడితే సైడ్ కర్టెన్లు తీసి గుండీలు పెట్టి బిగించుకోవాలి. ఆ రోజుల్లో మంచి కార్లు చాలావరకు చాసిస్ అంటే చక్రాలు బిగించే అడుగు ఫ్రేము, ఇంజిన్ ఒక కంపెనీ ఇస్తే, బాడీ ఇంకో కార్ఖానా కట్టేది. లోపల యాష్ అనే చెట్టు కర్రతో చట్రం, దాని మీద చేత్తో సాగగొట్టిన రేకు, గుర్రపు వెంట్రుకలు కూరిన తోలు సీట్లు. గుర్రపు బగ్గీలు చేసిన వాళ్ల పనే కార్లలోకి వచ్చింది. అందుకే ఇంజిన్ పాడైతే ఎక్కడో ఒకచోట ఇంకోటి దొరుకుతుంది కానీ, బాడీ పోతే పోయినట్టే.

బర్కత్‌పురా బండి ఎలా ఉందంటే, ముదురాకుపచ్చ రంగు సన్నగా చిట్లి, ఎండిన చెరువు అడుగులా ఉంది. డ్రైవర్ వైపు తలుపు పైఅంచు దగ్గర రంగంతా పోయి రేకు కనిపిస్తోంది, అక్కడ ఎన్నేళ్లో ఎవరో మోచెయ్యి ఆనించి నడిపారన్నమాట. కింద గడప దగ్గర బాడీ కట్టినవాళ్ల పేరున్న ఇత్తడి బిళ్ల ఇంకా ఉంది. దాన్ని చూసి అక్కడే కాసేపు కూర్చుండిపోయాను.

ఎందుకంటే అలాంటి బిళ్లనే నా చేతులతో పారేశాను. 1983లో మా షెడ్డుకు ఒక టూరింగ్ కారు వచ్చింది. "కొత్తదానిలా కావాలి" అన్నాడు ఓనరు. సరే అని తోలు సీట్లు చీరేసి ఫోమ్, రెక్సిన్ వేశాం, ఒక మూల చెద పట్టిందని కర్ర చట్రమంతా తీసేసి ఇనుప యాంగిళ్లు వెల్డింగ్ చేశాం, రంగు గీకి పుట్టీ పెట్టి తళతళలాడే ఎరుపు కొట్టించాం. బిళ్ల తుక్కులో పోయింది. ఆయన సంతోషంగా తీసుకెళ్లాడు, మేమూ గర్వపడ్డాం. కొన్నేళ్ల తర్వాత పాత కార్లు బాగా తెలిసిన ఒకాయన ఆ బండిని చూసి, "ఇందులో పాతది ఏం మిగిల్చారయ్యా?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది కదా, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ మోడల్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చి అది వచ్చేలోపే 1911లో కన్నుమూశారు, తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్ దగ్గరుంది. జనం దాని దగ్గర ఎందుకు ఆగుతారు? సిల్వర్ ఘోస్టులు వేలల్లో తయారయ్యాయి, ఇంజిన్ అందరిదీ అదే. లండన్‌లో బార్కర్ వాళ్లు కట్టిన బాడీ, వెనక ఎత్తుగా సింహాసనంలా పెట్టిన ఆ సీటు, అదే కదా దాన్ని హైదరాబాద్ కారు చేసింది.

కొనేవాళ్లకు డబ్బు లెక్క కూడా చెప్తాను. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబర్లో వీఏ అని వస్తుంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ భారీగా మార్చేసి ఉండకూడదు. రోజూ తిప్పడానికి కుదరదు, ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. అంటే 1983లో మేం చేసిన పని ఈ బండికి చేస్తే, డబ్బు పోసి మరీ దాని విలువ పోగొట్టుకున్నట్టే.

అలాగని ముట్టుకోకుండా మూల పడేయమనడం లేదు. చెద తిన్న కర్ర ఉంటే అంతవరకే కోసి అదే రకం కర్ర అతకండి. రంగును మెత్తటి గుడ్డతో తుడిచి మైనం పట్టించండి, చాలు. బ్యాటరీ పెట్టి వెంటనే స్టార్ట్ చేయొద్దు, ట్యాంకు కడిగించి, మొదట చేత్తో తిప్పే స్టార్టింగ్ హ్యాండిల్‌తో ఇంజిన్ మెల్లగా తిరుగుతుందో లేదో చూడండి. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ పాత రబ్బరును, కార్క్‌ను తినేస్తుంది, పైపులు మార్చక తప్పదు, మార్చండి, కానీ తీసిన ప్రతి ముక్కనూ డబ్బాలో దాచండి. చిరిగిన హుడ్‌ను మాత్రం దయచేసి పారేయకండి, కొత్తది కుట్టాలంటే కొలతలన్నీ అందులోనే ఉంటాయి.

అమ్మేవాళ్లు ఈ ఉత్తరం చదివితే ప్రకటనలో ఆ పెయింట్ లైను తీసేయండి. కొన్నవాళ్లు ఎవరైనా సరే, హుడ్ పని నాకు చెప్పండి. చూపు తగ్గింది కానీ చెయ్యి ఇంకా పనిచేస్తోంది, పాతదాని కొలతలు పెట్టుకుని నేనే కుట్టి ఇస్తాను, కూలి వద్దు.

ఇట్లు,
ఒక హుడ్ కుట్టేవాడు,
ముషీరాబాద్, హైదరాబాద్