పిల్లి గోళ్లు పీకే ఆపరేషన్ ఇక్కడ పాతుకోకముందే

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే పెంపుడు జంతువుల శీర్షికను నేను వదలకుండా చదువుతాను. ఈమధ్య ఒక పాఠకురాలు తమ పర్షియన్ పిల్లి కొత్త సోఫాను పీలికలు చేస్తోందని మొరపెట్టుకున్నారు. మీ సలహాదారు గోళ్లు కత్తిరించమన్నారు, గీరుకోవడానికి స్తంభం కొనమన్నారు. అంతవరకు బాగుంది. అవి ఫలించకపోతే గోళ్లు మళ్లీ రాకుండా తీసేసే చిన్న ఆపరేషన్ ఉందని, అమెరికాలో అది మామూలేనని కూడా రాశారు. నా అభ్యంతరం ఆ చివరి రెండు ముక్కల మీదే. సర్వీసంతా గుంటూరు, ప్రకాశం జిల్లాల పశువైద్యశాలల్లో గడిపి పదవీ విరమణ చేసినవాణ్ని. ఉత్తరం కాస్త పొడుగైనా భరించండి.

చదివి ఊరుకునేవాణ్నేమో. అయితే ఆ సంచిక వచ్చిన మర్నాడే కొండాపూర్‌లో ఉండే మా తమ్ముడి మనుమరాలు ఫోన్ చేసింది. "తాతయ్యా, పేపర్లో వేశారు కదా, మా మింటూకి చేయించాలంటే ఎంత అవుతుంది?" అని అడిగింది. ఖర్చు అడిగింది, ఎన్ని రోజులు క్లినిక్‌లో ఉంచాలో అడిగింది. నొప్పి సంగతి మాత్రం అడగలేదు. పిల్లదాన్ని తప్పు పట్టలేను. చిన్నదని అచ్చేసింది మీరే కదా.

ఎంత చిన్నదో వినండి. పిల్లి గోరు వేలి చివరి ఎముకను అంటిపెట్టుకుని, ఆ ఎముక మొదట్లోంచే పెరుగుతుంది. గోరు ఇక రాకూడదంటే ఆ ఎముకను కీలు దగ్గర కోసి తీసేయాలి. ముందరి కాలు ఒక్కోదానికి ఐదు వేళ్లు. అంటే ఒక్క పూటలో పది వేళ్ల చివరి కణుపులు పోతాయి. కొందరు కత్తితో చేస్తారు, కొందరు గిలెటిన్ కత్తెరతో చేస్తారు, ఈమధ్య లేజర్ వచ్చింది. లేజర్‌తో రక్తం తక్కువ పోతుంది గానీ పోయే ఎముక మారదు. పైగా పిల్లి మనలాగా మడమ ఆనించి నడిచే జంతువు కాదు. దాని బరువంతా వేళ్ల మీదే ఉంటుంది. వేళ్ల కొసలు పోతే ఆ బరువు వెనక్కు జరుగుతుంది, నడక మారుతుంది, క్రమంగా నడుం పట్టేస్తుంది.

ఇది నా ఊహ కాదు. 2017లో జర్నల్ ఆఫ్ ఫెలైన్ మెడిసిన్ అండ్ సర్జరీలో ఒక అధ్యయనం వచ్చింది. గోళ్లు తీసిన 137 పిల్లులను, తీయని మరో 137 పిల్లులతో పోల్చి చూశారు. తీసిన వాటిలో నడుం నొప్పి, కరవడం, కూడని చోట మలమూత్రాలు విడవడం ఎక్కువగా కనిపించాయి. ఎక్స్‌రేలు తీస్తే వాటిలో 63 శాతం పిల్లులకు ఎముక ముక్కలు లోపలే మిగిలి ఉన్నాయి. అలాంటి ముక్క నుంచి ఒక్కోసారి వంకర గోరు చర్మం కిందే మొలుస్తుంది, చీము పడుతుంది.

మా అమ్మాయి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు, పొరుగున ఉండే తెలుగువాళ్లింట్లో బూడిద రంగు పిల్లి ఒకటి ఉంటే చూడమన్నారు. జంతువుల ఆశ్రయ కేంద్రం నుంచి తెచ్చుకున్నారట. అప్పటికే ఎవరో దానికి గోళ్లు తీయించేశారు. ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందరి పాదం మెత్తను బొటనవేలితో మెల్లగా నొక్కాను. మామూలు పిల్లికి అలా నొక్కగానే లోపల ముడుచుకున్న గోరు బయటికి జారుతుంది. దీనికి ఏమీ రాలేదు. వేళ్లు మొండిగా తగిలాయి, రెండు వేళ్ల కింద చర్మం కాయకాసి గట్టిపడింది. ఆ కాయ మీద వేలు పడిందో లేదో, నా మణికట్టు పట్టుకుని కొరికింది. గీరడానికి ఏమీ లేని పిల్లి మొదటే పళ్లు వాడుతుంది. "కొరుకుతుంది అంకుల్, జాగ్రత్త" అని ఆ ఇంటావిడ అప్పటికే రెండుసార్లు హెచ్చరించింది పాపం. లిట్టర్ డబ్బాలోని గరుకు గుళికల మీద కాలు పెట్టలేక అది పడకగది కార్పెట్ మీదే పని కానిస్తుందట. ఎవరి సోఫానో దక్కింది, వీళ్ల కార్పెట్ పోయింది.

ఇక అమెరికాలో మామూలే అన్న మాట. నిజమే, ఒకప్పుడు చాలా మామూలు. ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తూ, అదే మత్తులో గోళ్లూ తీయించేసేవారు. కానీ ఇర్వింగ్ నుంచి మూడు నాలుగు గంటలు కారులో వెళితే వచ్చే ఆస్టిన్‌లో 2021 నుంచి ఇది నిషిద్ధం. న్యూయార్క్ రాష్ట్రం 2019లోనే నిషేధించింది. అక్కడ చేసినవారికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా. తర్వాత మేరీలాండ్, వర్జీనియా, మసాచుసెట్స్ అదే దారి పట్టాయి. ఐరోపాలో పెంపుడు జంతువుల రక్షణ ఒడంబడిక 1987లోనే దీన్ని తోక కోయడం, చెవులు కత్తిరించడం సరసన చేర్చి వద్దంది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కాలిఫోర్నియా కథ. లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని వెస్ట్ హాలీవుడ్ అనే చిన్న నగరం ఉంది. 2003లో అమెరికాలో అందరికంటే ముందు దీన్ని నిషేధించింది అదే. వెంటనే కోర్టుకెక్కిందెవరో తెలుసా? సోఫాలు చిరిగిన గృహస్థులు కారు, రాష్ట్ర పశువైద్యుల సంఘం. మాకు లైసెన్సు ఇచ్చింది రాష్ట్రం, మా వృత్తిలో వేలు పెట్టడానికి మీరెవరని నగరాన్ని నిలదీసింది. 2007లో అప్పీలు కోర్టు నగరం పక్షానే తీర్పు చెప్పింది. దాంతో పోరు శాసనసభకు చేరింది. రాష్ట్రం అనుమతించిన వృత్తిపనిని 2010 జనవరి 1 నుంచి నగరాలు నిషేధించరాదని 2009లో చట్టం వచ్చింది. ఆ గడువు ముంచుకొచ్చేలోగా లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, బర్క్‌లీ, శాంటా మోనికా, మరికొన్ని నగరాలు పరుగు పరుగున ఎవరికి వారు నిషేధాలు చేసుకున్నాయి. మిగతా ఊళ్లలో మాత్రం పని సాగుతూనే వచ్చింది. అద్దెకు దిగేవాళ్ల పిల్లులకు గోళ్లు తీయించి తీరాలని పట్టుబట్టే ఇంటి యజమానులను సైతం ఆపడానికి 2012లో విడిగా ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. రాష్ట్రమంతటికీ నిషేధం 2025లో గానీ రాలేదు. 2026 జనవరి 1న గానీ అమలుకు రాలేదు. చిన్న నగరం చెప్పిన మాట రాష్ట్రానికి ఎక్కడానికి ఇరవై ఏళ్లు దాటింది.

ఎందుకంత కాలం పట్టింది? నా వృత్తివారికి కోపం వచ్చినా సరే, చెబుతాను. ఒక పని క్లినిక్ రేట్ల పట్టికలోకి ఎక్కిందంటే, దాన్ని సమర్థించడానికి వాదనలు వాటంతటవే పుట్టుకొస్తాయి. చేసినవాళ్లంతా రాక్షసులని కాదు. చాలామంది మంచి డాక్టర్లు, చదువుకునే రోజుల్లో నేర్పిన పనిని చేశారు. మన దగ్గర ఆ పని ఇంకా పట్టికలోకి ఎక్కలేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పర్షియన్ పిల్లులు పెరిగాయి, వాటికోసమే పెట్టిన క్లినిక్‌లు వచ్చాయి, ఖరీదైన సోఫాలూ వచ్చాయి. ఆపాలంటే ఇదే అదను. ఇప్పుడైతే ఎవరి పొట్టా కొట్టనక్కర్లేదు.

గోళ్లు తీయనివ్వకపోతే పిల్లిని వీధిలో వదిలేస్తారు, అంతకంటే ఇదే మేలు కదా అంటారు. న్యూయార్క్‌లో పశువైద్యుల సంఘం బిల్లును వ్యతిరేకిస్తూ దాదాపు ఇదే చెప్పింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2018లో నిషేధం వచ్చాక అక్కడి ఆశ్రయ కేంద్రాల లెక్కలు తిరగేసిన పరిశోధకులకు, పిల్లులను తెచ్చి అప్పగించేవాళ్లు పెరిగిన జాడ కనబడలేదు. ఇంట్లో రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లున్నారు, గీత పడితే ఎలా అన్న భయం అర్థం చేసుకోదగిందే. కానీ రోగనిరోధక శక్తి బాగా తగ్గిన హెచ్‌ఐవీ రోగులకు కూడా అమెరికా వైద్య మార్గదర్శకాలు పిల్లి గోళ్లు తీయించమని చెప్పవు. మొరటు ఆటలు వద్దంటాయి, గీత పడితే వెంటనే కడుక్కోమంటాయి, పిల్లి ఒంటి మీద రక్తం పీల్చి గెంతే పురుగులు లేకుండా చూసుకోమంటాయి. గీత వల్ల వచ్చే జ్వరానికి కారణమైన సూక్ష్మజీవి గోటికి అంటేది ఆ పురుగుల పెంట నుంచే.

మన చట్టం సంగతి. జంతుహింస నివారణ చట్టం, 1960 సెక్షన్ 11 అంగచ్ఛేదాన్ని నేరాల జాబితాలో చేర్చింది. కొమ్ములు తీయడం, విత్తులు నొక్కడం, వాతలు వేయడం, ముక్కుతాడు పొడవడం వంటి వాటికి నిర్ణీత పద్ధతిలో చేస్తే మినహాయింపు ఇచ్చింది. కోడెలకు బర్డిజో (విత్తులు నొక్కే పట్టకారు) వేసిన చేతులే నావి, ఆ మినహాయింపు ఎందుకుందో నాకు తెలుసు. రైతు బతుకు దానితో ముడిపడి ఉంది. పిల్లి గోళ్లు ఆ మినహాయింపుల్లో లేవు. అయితే మత్తిచ్చి, కుట్లు వేసి చేశాను, ఇది హింస ఎలా అవుతుందని డాక్టరు వాదిస్తే తేల్చడానికి సూటిగా ఒక్క వాక్యం లేదు. తేలినా మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. క్లినిక్ బయట పార్కింగ్‌కు అంతకంటే ఎక్కువే పుచ్చుకుంటారు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఐదేళ్ల శిక్ష ఉంది నిజమే. కానీ అక్కడ ఎవరికో ఒకరికి నష్టం కలిగించే ఉద్దేశమో, కలుగుతుందన్న ఎరుకో రుజువు కావాలి. యజమాని తానే తెచ్చి, డబ్బు కట్టి చేయించిన ఆపరేషన్‌కు ఆ సెక్షన్ అతకదు.

అందుకని పార్లమెంటు కోసం ఎదురుచూడనక్కర్లేదంటాను. కెనడాలో ముందడుగు వేసిన నోవా స్కోషియాలో శాసనసభ ఏ చట్టమూ చేయలేదు. పశువైద్యుల సంఘమే 2017 డిసెంబరులో తమ నీతి నియమావళిని సవరించుకుని, వైద్యపరమైన అవసరం లేకుండా గోళ్లు తీయడం వృత్తికి తగని పని అంది. మనకూ భారత పశువైద్య మండలి ఉంది, 1992 నాటి వృత్తి ప్రవర్తన నియమాలున్నాయి. అందులో ఒక్క నిబంధన చేర్చితే చాలు. గోరు కింద కంతి లేచినా, కుళ్లు పట్టినా తీయాల్సిందే, దానికి మినహాయింపు రాయవచ్చు. లైసెన్సు పోతుందన్న భయం యాభై రూపాయల జరిమానా కంటే బాగా పనిచేస్తుంది.

మా మనుమరాలికి చెప్పినదే మీ పాఠకురాలికీ చెబుతాను. పిల్లి గీరడం పొగరు కాదు. గోటి పైపొర ఊడదీసుకోవడానికి, భుజాలు సాగదీసుకోవడానికి, కాలివేళ్ల మధ్య నుంచి వచ్చే వాసనతో తన చోటు గుర్తు పెట్టుకోవడానికి గీరుతుంది. బజారులో దొరికే జానెడు స్తంభాలు దండగ. పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి ఒళ్లు విరుచుకునేంత ఎత్తు, అంటే మూడడుగులు ఉండాలి, గీరితే ఊగకూడదు. గట్టి కర్రకు కొబ్బరితాడు బిగించి చుట్టండి, లేదా పాత గోనెసంచి కట్టండి. మూలన పెట్టకండి, అది గీరే సోఫా పక్కనే పెట్టండి. అలవాటయ్యాక రోజూ కాస్త కాస్త జరపవచ్చు. రెండు మూడు వారాలకోసారి, అది నిద్రమత్తులో ఉన్నప్పుడు, గోటి కొన మాత్రం కత్తిరించండి. లోపల గులాబీ రంగులో కనిపించే రక్తనాళం జోలికి వెళ్లకండి. మొదటి రోజు రెండు వేళ్లతో సరిపెట్టినా నష్టం లేదు.

మీ శీర్షికలో సవరణ వేయవలసిందిగా, ఆపరేషన్ చేసే తీరు పాఠకులకు ఉన్నదున్నట్లు చెప్పవలసిందిగా కోరుతున్నాను. నియమావళి సవరణ గురించి రెండు రాష్ట్రాల పశువైద్య మండళ్లకు విడిగా రాస్తున్నాను. ఈ వృత్తిలో ఉన్న మీ పాఠకులు కూడా రాస్తే మంచిది.

భవదీయుడు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
తెనాలి