ఫారెస్ట్ ప్లాట్ గీసేముందు కాగితం కొలవండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆరోగ్య పేజీల్లో మెటా-ఎనాలిసిస్ (అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూసే లెక్క) వార్తలు తరచూ వస్తున్నాయి, వాటి వెంట ఫారెస్ట్ ప్లాట్లూ అచ్చవుతున్నాయి. ఒక్కో అధ్యయనానికి ఒక వరుస, అందులో ఫలితానికి చదరం, దాని హద్దులకు అడ్డగీత, అడుగున కలిపిన ఫలితానికి డైమండ్, తేడా లేదనే చోట నిలువు గీత ఉండే బొమ్మ అది. సంతోషమే. కానీ ఆ బొమ్మల్లో ఒక పక్క అధ్యయనాల పేర్లు తెగిపోయి ఉంటాయి, మరో పక్క అంకెలు గీతల మీదికి ఎక్కి ఉంటాయి, అడుగున స్కేలే కనబడదు. ఈ తప్పు పత్రికలది మాత్రమే అనలేం. హైదరాబాద్‌లో పీజీ విద్యార్థులు బైండింగ్‌కి ఇచ్చే థీసిస్‌లలోనూ ఇదే తంతు. అమీర్‌పేటలో ఆర్ (గణాంకాల ప్రోగ్రామ్) కోర్సు చేసి వచ్చినవాళ్లు కూడా మోడల్ దాకా చకచకా నడిపించి, బొమ్మ దగ్గర ఆగిపోతున్నారు. స్క్రీన్ మీద కనబడినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి వర్డ్‌లో అతికిస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాం.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. ఆర్‌లోని మెటాఫర్ ప్యాకేజీతో పాటు అందరూ వాడే నమూనా డేటా బీసీజీ టీకాది. మొత్తం 13 ట్రయల్స్. అందులో ఒకటి మన మదనపల్లెలో జరిగింది. 1973లో ప్రచురితమైన ఆ వరుసలో టీకా వేసినవాళ్లు 5,069 మంది, వారిలో క్షయ వచ్చినవాళ్లు 33 మంది. టీకా వేయనివాళ్లు 5,808 మంది, వారిలో 47 మంది. రిస్క్ రేషియో (టీకా వేసినవాళ్ల ముప్పును వేయనివాళ్ల ముప్పుతో భాగిస్తే వచ్చేది) 0.80, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు) 0.52 నుంచి 1.25. ఇంకో వరుస 1980 నాటి మద్రాసు ట్రయల్‌ది, చెంగల్పట్టులో చేసింది. ఒక్కో వైపు 88,391 మంది. రేషియో 1.01, అంటే టీకాతో తేడా లేదు. అన్నీ కలిపి రాండమ్ ఎఫెక్ట్స్ మోడల్‌లో (ట్రయల్‌కీ ట్రయల్‌కీ అసలు ప్రభావమే వేరుగా ఉండొచ్చని ఒప్పుకునేది) పెడితే 0.49 వస్తుంది, ఇంటర్వెల్ 0.34 నుంచి 0.70. ప్రపంచంలో చాలామంది ఫారెస్ట్ ప్లాట్ నేర్చుకునేది ఈ డేటాతోనే. మన పిల్లలు మదనపల్లె వరుస ఎక్కడుందో వెతుక్కుంటూ నేర్చుకుంటే ఇంకా బాగుంటుంది.

ఇక అసలు సంగతి. ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ‘ఎక్స్‌లిమ్’ అనే ఒక్క మాట. ఆర్‌లో ఈ పనికి వాడే ప్యాకేజీలు ప్రధానంగా రెండు, మెటా, మెటాఫర్. రెండింటిలోనూ బొమ్మ గీసే ఫంక్షన్ పేరు ‘ఫారెస్ట్’, రెండింటిలోనూ ‘ఎక్స్‌లిమ్’ ఉంది. అర్థాలు మాత్రం వేరు. మెటాలో ఎక్స్‌లిమ్ అంటే గ్రాఫ్ అడుగున ఉండే స్కేలు హద్దులు. రిస్క్ రేషియో అయితే 0.1 నుంచి 10 అని మామూలు అంకెల్లోనే ఇస్తాం. మెటాఫర్‌లో ఎక్స్‌లిమ్ అంటే ఎడమ అంచున పేర్ల దగ్గర మొదలై కుడి అంచున అంకెల దాకా బొమ్మ మొత్తం వెడల్పు. అదీ లాగ్ (సంవర్గమానం) కొలతలో. స్కేలు హద్దులకు అక్కడ ‘ఏలిమ్’ వేరే ఉంది, స్కేలు మీది గుర్తులకు ‘ఎట్’ ఉంది. మెటాకి రాసిన ఎక్స్‌లిమ్ తెచ్చి మెటాఫర్‌లో అతికిస్తే ఎర్రక్షరాల ఎర్రర్ రాదు. పేర్లన్నీ వచ్చి గీతల మీద పడతాయి, అంతే. అప్పుడు ఫాంట్ తగ్గించుకుంటూ పోతారు. ఫాంట్‌తో తీరేది కాదు అది.

బీసీజీ బొమ్మకు బాగా కుదిరే కొలతలివి. ఎక్స్‌లిమ్ మైనస్ 16 నుంచి 6 దాకా. మొత్తం 22 పాళ్లు. ‘ఎట్’లో 0.05, 0.25, 1, 4 అంకెలకు లాగ్ తీసి ఇవ్వాలి. అప్పుడు స్కేలు సుమారు మైనస్ 3 నుంచి 1.4 వరకు నడుస్తుంది. అంటే గ్రాఫ్‌కి దక్కేది 22లో నాలుగున్నర పాళ్లు కూడా కాదు. ఎడమ ఉన్న 13 పాళ్లలో పేరు, సంవత్సరం, నాలుగు కాలమ్‌ల అంకెలు పట్టాలి. ఆ కాలమ్‌లను ‘ఐల్యాబ్’తో ఇచ్చి, ఎక్కడ నిలబెట్టాలో ‘ఐల్యాబ్ ఎక్స్‌పోజ్’తో చెప్పాలి. మైనస్ 9.5, మైనస్ 8, మైనస్ 6, మైనస్ 4.5 సరిపోతాయి. రెండో అంకెకూ మూడో అంకెకూ మధ్య ఎడం కొంచెం ఎక్కువ పెట్టింది ఎందుకంటే మొదటి రెండూ టీకా గ్రూపువి, తర్వాతి రెండూ కంట్రోల్ గ్రూపువి. ఆ ఎడం చూసి కన్ను వాటిని జంటలుగా చదువుకుంటుంది. అక్షరాల సైజుకి ‘సీఈఎక్స్’ 0.75 దగ్గర మొదలుపెట్టండి. కాలమ్ జరపాలంటే 0.5 చొప్పున జరిపి చూడండి, ఒకేసారి రెండు పాళ్లు జరిపితే పక్కది ఎక్కి కూర్చుంటుంది. ‘ఏ ట్రాన్స్‌ఫ్’కి ఎక్స్‌ప్ (లాగ్‌ను తిరిగి మామూలు అంకెగా మార్చేది) ఇవ్వడం మరిస్తే స్కేలు మీద మైనస్ అంకెలు వస్తాయి, పాఠకుడు రిస్క్ రేషియో మైనస్ ఎలా అయిందని తల పట్టుకుంటాడు.

రేషియోలకు లాగ్ స్కేలే ఎందుకంటే 0.25, 4 రెండూ 1కి సమాన దూరంలో ఉండాలి. నాలుగో వంతుకు తగ్గడం, నాలుగు రెట్లు పెరగడం ఒకే బరువున్న మార్పులు. మామూలు స్కేలు మీద గీస్తే తగ్గిన ఫలితాలన్నీ 0కీ 1కీ మధ్య ఇరుక్కుపోయి చిన్నవిగా కనిపిస్తాయి, పెరిగినవి కుడివైపు బారెడు సాగుతాయి. ఎక్సెల్‌లో చేత్తో గీసిన ఫారెస్ట్ ప్లాట్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇది. చూసేవాడికి మందు చేసిన మేలు తక్కువగా, కీడు ఎక్కువగా అనిపిస్తుంది. లెక్కలో ఏ తప్పూ ఉండదు.

పై కొలతలతో గీసిన బీసీజీ బొమ్మలో ఒక ట్రయల్ ఇంటర్వెల్ 6.53 దాకా పోతుంది. స్కేలు 4 దగ్గర ఆగింది కాబట్టి అక్కడ గీత చివర బాణం గుర్తు వస్తుంది. బాణం అంటే గీత ఇంకా ఉందని అర్థం. దాన్ని అందంగా లేదని ఫొటోషాప్‌లో చెరిపేసినవాళ్లున్నారు. చెరిపితే ఇంటర్వెల్ 4 దగ్గర ముగిసిందని అబద్ధం చెప్పినట్లే. బాణాలు ఒకటి రెండు ఉంటే పరవాలేదు. వరుసల్లో మూడో వంతుకు బాణాలు వస్తుంటే స్కేలు పెంచండి. స్టేటా అనే మరో ప్రోగ్రామ్‌లో మెటా ఫారెస్ట్‌ప్లాట్‌కి ‘క్రాప్’ ఆప్షన్ ఇచ్చినప్పుడూ ఇదే నియమం.

కాగితం మాటకొస్తే, ఏ4 వెడల్పు 8.27 అంగుళాలు. బైండింగ్ వైపు అంగుళన్నర, రెండోవైపు అంగుళం వదిలితే మిగిలేది 5.77. బొమ్మను 12 అంగుళాల వెడల్పున గీసి ఇందులో కుదిస్తే 12 పాయింట్ల అక్షరం ఆరు పాయింట్లకు కూడా రాదు. కోఠిలో ప్రింట్ తీసే కుర్రాడు ఎంత మంచి మెషిన్ మీద తీసినా చదవలేం. అందుకే పుస్తకంలో ఏ సైజులో పడుతుందో ఆ సైజులోనే గీయాలి. పీఎన్‌జీ ఫంక్షన్‌కి వెడల్పు 5.75, ఎత్తు (దాని లెక్క కింద ఉంది), యూనిట్లు ‘ఇన్’, రెజల్యూషన్ 300 ఇవ్వండి. యూనిట్లు చెప్పకపోతే ఆర్ పిక్సెళ్లు అనుకుంటుంది. 2000 పిక్సెళ్లు ఇచ్చి రెజల్యూషన్ వదిలేస్తే అది 72గా తీసుకుంటుంది, పెద్ద తెల్ల కాగితం మీద చీమల బారులాంటి అక్షరాలు వస్తాయి. కాలమ్‌లు ఎక్కువైతే పేజీ అడ్డంగా తిప్పండి, తొమ్మిది అంగుళాలు దొరుకుతాయి. చివర్లో ‘డెవ్ డాట్ ఆఫ్’ మరవకండి, లేకపోతే ఫైలు తెరుచుకోదు.

ఎత్తు సంగతి మెటా ప్యాకేజీలో మరీ జాగ్రత్తగా చూడాలి. అది బొమ్మను కాగితం నడిమధ్య పెట్టి గీస్తుంది. ఎత్తు చాలకపోతే పైనా కిందా సమానంగా తెగిపోతుంది, ఒక్క హెచ్చరికా రాదు. తెగేది ఏమిటో చూడండి. పైన కాలమ్ పేర్లు, కింద స్కేలు, ఐ-స్క్వేర్ (ట్రయల్స్ ఫలితాల మధ్య తేడా, అంటే హెటిరోజెనిటీ కొలత), ఎటువైపు ఎవరికి మేలో చెప్పే మాటలు. అంటే బొమ్మను చదవడానికి కావలసిన ముక్కలే పోతాయి. వరుసకు 0.2 నుంచి 0.25 అంగుళం లెక్కేసుకోండి. 13 ట్రయల్స్ ఉంటే శీర్షికలు, కలిపిన ఫలితం, హెటిరోజెనిటీ, స్కేలు అన్నీ కలిపి 20 వరుసలు, అంటే అయిదు అంగుళాలు. సబ్‌గ్రూప్ ఒక్కోదానికి ఇంకో మూడు నాలుగు వరుసలు కలపాలి. వెడల్పు చాలకపోతే ‘ప్లాట్‌విడ్త్’ తగ్గించండి. కాలమ్‌ల మధ్య ఎడానికి ‘కోల్‌గ్యాప్’ ఉంది. ‘లెఫ్ట్‌కోల్స్’లో అక్కర్లేని కాలమ్ తీసేయడం వీటన్నిటికన్నా మేలు. పాత పాఠాల్లో ‘కాంబ్ డాట్ రాండమ్’ అని ఉండేది ఇప్పుడు ఉత్త ‘రాండమ్’ అయింది, అదొకటి గుర్తుంచుకోండి.

చదరాల సైజు గురించి ఒక్క మాట. చదరం పెద్దదైతే ఆ ట్రయల్ బరువు ఎక్కువని. అన్నీ ఒకే సైజులో ఉంటే ముచ్చటగా ఉంటుందని మెటాఫర్‌లో ‘పీసైజ్’ 1 అని పెట్టేస్తున్నారు. అప్పుడు రెండు వైపులా కలిపి లక్షా 76 వేలమంది ఉన్న ట్రయలూ, 262 మంది ఉన్న ట్రయలూ ఒకటే అయిపోతాయి. మద్రాసు ట్రయల్‌కి కామన్ ఎఫెక్ట్ మోడల్‌లో (అన్ని ట్రయల్స్‌లో అసలు ప్రభావం ఒకటే అనుకునేది) సుమారు 41 శాతం బరువు, రాండమ్ ఎఫెక్ట్స్‌లో సుమారు 10 శాతం. ఏ మోడల్ వాడారో చదరాలే చెబుతాయి, వాటిని చెప్పనివ్వాలి. అలాగే ప్రిడిక్షన్ ఇంటర్వెల్ (కొత్త చోట ప్రభావం ఎంత ఉండొచ్చో చెప్పే హద్దులు) కూడా వేయండి. బీసీజీలో అది 0.15 నుంచి 1.55. డైమండ్ మొత్తం 1కి ఎడమవైపే ఉన్నా ఈ గీత 1 దాటుతుంది. కొత్త ఊళ్లో టీకా మేలు చేయకపోవచ్చునని ఆ గీత ఒక్కటే చెబుతుంది. మదనపల్లె, చెంగల్పట్టు వరుసలు చూశాక అది అనవసరమని ఎవరూ అనరు. ట్రయల్స్‌ని అక్షాంశం వారీగా పేరిస్తే భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ చదరాలు 1 వైపు జరగడం కంటికే తెలుస్తుంది. ప్యాకేజీ ఇచ్చిన వరుసక్రమాన్ని అలాగే వదిలేయకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అన్నిటికన్నా ప్రమాదమైనది అడుగున రాసే ‘ఎటు మేలు’. మరణం, జబ్బు రావడం లాంటి చెడు ఫలితమైతే ఎడమవైపు చికిత్సకు మేలు. కోలుకోవడం, గాయం మానడం లాంటి మంచి ఫలితమైతే కుడివైపు. మునుపటి కోడ్‌లోని ‘లేబుల్ లెఫ్ట్’, ‘లేబుల్ రైట్’ మార్చకుండా వాడితే పని చేసిన మందు పని చేయనట్లు అచ్చవుతుంది. సబ్మిట్ చేసేముందు గైడ్ గారు చూడాల్సింది మొదట ఇదే.

తెలుగులో బొమ్మ గీయాలనుకునేవారికి ఒక ఇబ్బంది ఉంది. ఆర్‌లోని మామూలు పీడీఎఫ్ ఫంక్షన్‌కి తెలుగు అక్షరాలు ఇస్తే వాటి స్థానంలో చుక్కలు పడతాయి. ‘రాగ్’ ప్యాకేజీలోని ‘ఏజీజీ పీఎన్‌జీ’తో, నోటో శాన్స్ తెలుగు ఫాంట్ పెట్టి గీస్తే ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. తెలుగు అక్షరానికి కిందా పైనా చోటు ఎక్కువ కావాలి కాబట్టి వరుస ఎత్తు కొంచెం పెంచండి, లేదంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది.

పత్రికకు మా మనవి ఇంతే. వైద్య అధ్యయనాలను సమీక్షించే కొక్రేన్ సంస్థ గుర్తు మీరు చూసే ఉంటారు. నెలలు నిండకముందే ప్రసవమయ్యే తల్లులకిచ్చే స్టెరాయిడ్ మీద ఏడు ట్రయల్స్ ఫారెస్ట్ ప్లాట్ అది. వాటిలో మొదటిది 1972 నాటిది. నిలువు గీత, ట్రయల్స్‌కి ఏడు అడ్డగీతలు, నిలువు గీతకు ఎడమన డైమండ్, అంతే ఉంటుంది. గుర్తుగా అది చాలు, వార్తకు చాలదు. చోటు తక్కువైతే 13 వరుసల బొమ్మను రెండు కాలమ్‌లలోకి నొక్కకండి. కలిపిన ఫలితం, ప్రిడిక్షన్ ఇంటర్వెల్, మన ప్రాంతం ట్రయల్ మాత్రం ఉంచి మూడు వరుసలతో కొత్తగా గీయించండి. మిగతా ట్రయల్స్ ఎన్నో కింద ఒక వాక్యంలో రాయండి. నిలువు గీత కింద ‘1’ అన్న అంకె, దానికి అటూ ఇటూ ‘టీకాతో మేలు’, ‘టీకాతో మేలు లేదు’ అన్న మాటలు పేజీ కుదింపులో పోకుండా డెస్క్ వారు చూడగలిగితే చాలు.

— బయోస్టాటిస్టిక్స్ బోధకులు, హైదరాబాద్